బాసరలో బస: సత్రము నుండి కిరాయి గది వరకు

తెల్లవారుజామున బాసర స్టేషనులో దిగిన యాత్రికులను చూడుడు. తల్లి చంకలో బిడ్డ. తండ్రి చేతిలో సంచి. ఆ సంచిలో పలక, బలపము, పసుపు కలిపిన బియ్యము. జ్ఞానసరస్వతీదేవి సన్నిధిని బిడ్డచేత తొలి అక్షరము దిద్దించుటకు వచ్చినవారు వీరు. ఆలయమున తమ వంతు వచ్చువరకు ఎక్కడ కూర్చుండవలెను? బిడ్డకు స్నానమెక్కడ చేయింపవలెను? వెంట వచ్చిన ముసలి అవ్వ నడుము వాల్చుటకు చోటెక్కడ? "రూము కిరాయికి దొరుకుతదా అన్నా?" అను ప్రశ్న అట్లు పుట్టును.

ఆ ప్రశ్నకు ఎదురుగా నేడు మరియొక ప్రశ్న బయలుదేరినది. అది స్థలము గలవాని ప్రశ్న. ఉద్యోగము చాలించి చేతికి వచ్చిన సొమ్ముతోనో, పొలము అమ్మిన సొమ్ముతోనో నాలుగు గదులు వేసినచో ఇల్లు గడచునా? గడచినచో మరి నాలుగు వేయవచ్చునా? యాత్రికునకు దినమునకు ఇచ్చుట మేలా, ఉద్యోగస్థునకు నెలకు ఇచ్చుట మేలా? ఇచ్చిన ఇల్లు మరల చేతికి వచ్చునా? ఇవి లెక్కల ప్రశ్నలవలె కనిపించును గాని, వీని వెనుక చరిత్ర యున్నది. బస అను మాటకు మన దేశమున ఒక్కొక్క కాలము ఒక్కొక్క వెల కట్టినది. ఆ వెలలు ఎట్లు మారినవో తెలిసికొన్నచో, గృహస్థు తన సొమ్మును ఎక్కడ పెట్టవలెనో కొంత స్పష్టపడును.

ముందుగా ఊరి సంగతి. వ్యాసమహర్షి గోదావరి ఒడ్డున తపస్సు చేసి, నదిలోని ఇసుకతో దేవిని ప్రతిష్ఠించెనని స్థలపురాణము. సరస్వతితోపాటు మహాలక్ష్మియు, మహాకాళియు ఇచ్చట కొలువై యున్నారు. వసంతపంచమి, దేవీనవరాత్రులు, వానిలోను మూలా నక్షత్రపు దినము, వ్యాసపూర్ణిమ - ఇవి జనము కిక్కిరియు దినములు. పరిపాలనలో ఈ ఊరు పలుమారులు చేతులు మారినది. హైదరాబాదు సంస్థానమున ముధోలు తాలూకా నాందేడు జిల్లాలో నుండెను. 1956 నవంబరు 1న రాష్ట్రములు పునర్వ్యవస్థీకరింపబడినపుడు ఆ తాలూకా ఆదిలాబాదు జిల్లాలో చేరెను. 2016 అక్టోబరు 11న క్రొత్త జిల్లాలు ఏర్పడినపుడు బాసర నిర్మల్ జిల్లా పాలాయెను. ఈ మార్పులను ఊరక చెప్పుట లేదు. ఇల్లు కొనువానికి వీనితో పని యున్నది. ఆ సంగతి ముందు వచ్చును.

పూర్వకాలమున యాత్రికుని బసకు వెల లేదు. అన్నమువలెనే నీడయు దానముగా నిచ్చుట ధర్మమని పెద్దలు నమ్మిరి. అయితే దానముగా నిచ్చినది ఖర్చు లేనిది కాదు. కాకతీయుల కాలమున 1261లో వేయించిన మల్కాపుర శాసనము దీనికి చక్కని సాక్ష్యము. గణపతిదేవుడును, రుద్రమదేవియు కృష్ణాతీరమున విశ్వేశ్వరశంభువునకు గ్రామములు దానము చేసిరి. ఆ ఆచార్యుడు అచ్చట మఠమును, విద్యాలయమును, ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను, సత్రమును నెలకొల్పి, ఏ ఆదాయము దేనికి చెల్లవలెనో, ఎంతమంది పనివారుండవలెనో విడివిడిగా నిర్ణయించెను. సత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలునివరకు వచ్చినవారికెల్ల అన్నము పెట్టవలెనని విధించెను.

ఈ శాసనమును పుణ్యకథగా మాత్రమే చదువరాదు. కట్టడము నిలబెట్టుట ఒక ఎత్తు, దానిని నడుపుట మరియొక ఎత్తు అని ఆ ఆచార్యునకు తెలిసియుండెను. గోడలు లేచిన మరునాటినుండి ఊడ్చువాడు కావలెను, నీళ్లు తెచ్చువాడు కావలెను, కప్పు కారినపుడు బాగుచేయువాడు కావలెను. అందులకే ఆయన సత్రముతోపాటు ఊరి ఆదాయమును దానికి ముడివేసెను. నేడు గదులు కట్టువారు ఇటుకకును, ఇనుమునకును, సిమెంటునకును లెక్క వేయుదురు. నడుపుబడికి లెక్క వేయరు. ఎనిమిది వందల ఏండ్లనాటి శాసనము మనకు చెప్పు మొదటి పాఠమిది.

రెండవ దశ బాటసారుల కాలము. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి బయలుదేరి, హైదరాబాదు, నిర్మల్, నాగపూరుల మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. వారి కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చయ్యెను. దారిలో ఏ మజిలీలో దిగుటకు వసతి కలదు, ఏ ఊర సరకులు దొరకును, ఎక్కడ నీళ్లు మంచివి అను సంగతులు వారు ఓపికగా వ్రాసిరి. బాటసారికి కావలసినది నాడును ఇదియే, నేడును ఇదియే: తలదాచు చోటు, మంచినీరు, భద్రత. మిగిలినవి అలంకారములు.

తరువాత బ్రిటిషు ఇండియాలో 1867లో సరాయిల చట్టము వచ్చెను. సరాయి నడుపువాడు జిల్లా మేజిస్ట్రేటు కచేరిలో పేరు నమోదు చేయించుకొనవలెను, ఆవరణను శుభ్రముగ నుంచవలెను, గోడలను, కప్పులను మరమ్మతు చేయింపవలెను, కావలివారిని పెట్టవలెను, ఛార్జీల పట్టికను అందరు చూచునట్లు వ్రేలాడగట్టవలెను. హైదరాబాదు సంస్థానము బ్రిటిషు ఇండియాలో చేరినది కాదు గనుక ఆ చట్టము బాసరకు నాడు వర్తింపలేదు. అయినను బస అనునది దానమునుండి వ్యాపారముగా మారిన క్షణమున ప్రభుత్వము ఏ ఏ ప్రశ్నలు వేసినదో అందు చూడవచ్చును. వెల ఎంత? శుభ్రమా? భద్రమా? దిగినవాడెవడు? నేటి లాడ్జి తనిఖీలోను ఈ నాలుగే అడుగుదురు.

బాసర బ్రతుకును మార్చినది రైలు. హైదరాబాదునుండి మన్మాడువరకు 391 మైళ్ల మీటరుగేజి దారిని హైదరాబాదు-గోదావరి లోయ రైలు సంస్థ 1900 ప్రాంతమున నడుపసాగెను. నిజామాబాదు దాటిన పిమ్మట ఆ దారి గోదావరినిదాటి బాసర చేరును. బండి కట్టుకొని దినముల తరబడి రావలసిన యాత్రికుడు పూటలో వచ్చుట మొదలిడెను. ఊరివారు సంతసించిరనుటలో సందేహము లేదు. కాని ఇక్కడనొక మెలిక యున్నది. దారి సుఖమైనకొలది వచ్చువారి సంఖ్య పెరుగును. నిలుచు కాలము తరుగును. బండ్ల కాలమున వచ్చినవాడు ఎద్దులు అలసట తీర్చుకొనువరకైనను ఉండక తప్పదు. రైలులో వచ్చినవాడు సాయంకాలపు బండికి తిరిగిపోవచ్చును. నేడు నిజామాబాదునుండి కారులో వచ్చువాడు పూజ ముగించుకొని భోజనమునకు ఇల్లు చేరగలడు.

కిరాయి గదులు కట్టదలచినవాడు మరువరాని మాట ఇదియే: జనము వేరు, కిరాయిదారు వేరు. వీధిలో పోవు తలలను లెక్కించి గదులు వేసినవాడు నష్టపడును. ఊరిలో గడుపు రాత్రులను లెక్కించి వేసినవాడు నిలుచును. ఈ భేదమును మరపించు భ్రమలు మూడు కలవు.

మొదటిది పుష్కర భ్రమ. గోదావరికి పుష్కరములు పన్నెండేండ్లకొకసారి వచ్చును: 1991, 2003, 2015, ఆ వరుసలో 2027. 2015లో జూలై 14 మొదలు 25 వరకు పన్నెండు దినములు నది పొడవునను ఇసుక వేసిన రాలనంత జనము చేరిరి. ఆ దినములలో అరుగునకు సైతము వెల పలుకును. కాని పన్నెండేండ్లలో పన్నెండు దినములను చూచి కట్టిన మేడ, మిగిలిన నాలుగువేల మూడువందల పైచిలుకు దినములు ఏమి చేయును? పుష్కరములకు వచ్చు ఆదాయము పండుగనాటి పాయసమువంటిది; దానిని నమ్మి నిత్యపు వంట మానుకొనరాదు.

రెండవది విద్యాలయ భ్రమ. రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయము 2008లో స్థాపింపబడెను; బాసరలోని త్రిపుల్ ఐటీ ప్రాంగణము ఆనాటిదే. పల్లెలలో పదవ తరగతి ముగించిన పిల్లలు వచ్చి ఆరేండ్ల చదువు చదువుదురు. వేలకొలది విద్యార్థులు గల ఊరిలో గదులకు గిరాకి యుండకేమని మొదట తోచును. కాని అది వసతి విద్యాలయము. పిల్లల నివాసము, భోజనము ప్రాంగణములోనే. కనుక విద్యార్థి అక్కడ కిరాయిదారు కాడు. మరి ఎవరు? బిడ్డను చేర్చుటకును, చూచుటకును వచ్చు తల్లిదండ్రులు ఒకటి రెండు రాత్రులకు. ప్రాంగణమున పనిచేయుచు బయట ఇల్లు వెదకు ఉద్యోగులు కొన్ని ఏండ్లకు. ఈ రెండు వర్గముల సంఖ్య వేరు, వారి అవసరము వేరు. విశ్వవిద్యాలయము అను పేరు విని విద్యార్థుల గదులు వేసినవాడు, తలుపు తెరచి ఎదురుచూడవలసి వచ్చును.

మూడవది ఒంటిస్తంభపు భ్రమ. ఊరంతయు ఒకే ఆధారముమీద నిలిచినపుడు కిరాయిలు చాల గట్టివిగా తోచును. ఉత్తర తెలంగాణమున ఇట్టి ఊళ్లను మనమెరుగుదుము. కాగజ్‌నగరమున సిర్పూరు కాగితపు మిల్లు 1942లో ఉత్పత్తి మొదలిడి, 2014లో మూతపడి, 2018లో క్రొత్త యాజమాన్యమున తెరువబడెను. బాసరకు దగ్గరిదే బోధనులో 1937నాటి నిజాం చక్కెర కర్మాగారము 2015 చివర మూతపడెను. జీతమాగిన ఊరిలో కిరాయి సక్రమముగ వచ్చుట కష్టము. ఇల్లు ఖాళీ చేసి పోవువారే గాని వచ్చువారుండరు. బాసరకు ఆధారము దేవాలయము గనుక అది మూతపడు మిల్లు కాదు. కాని 2020లో కరోనా మహమ్మారి వచ్చినపుడు దేశమందలి ఆలయములే తలుపులు మూసికొనినవి. ఒకే ద్వారమునుండి వచ్చు ఆదాయమునకు ఒకే గడియ చాలును.

ఇక లెక్కకు వత్తము. ఉదాహరణకు ఒక గృహస్థు ఆరు గదులు కట్టెననుకొందము. గదికి దినమునకు 500 రూపాయలు. ఏడాది పొడవున అన్ని గదులు నిండినచో 10,95,000 రూపాయలు. కాగితముమీద ఈ అంకె చూచి అప్పు తెచ్చువారు కలరు. కాని పండుగలు, శని ఆదివారములు, మంచి ముహూర్తములు కలిపి నూరు దినములే గదులన్నియు నిండినవనుకొన్నచో వచ్చునది 3,00,000. ఇందులోనుండి దుప్పట్లు ఉతుకువానికి, గదులు ఊడ్చువారికి, కరెంటునకు, నీళ్లకు, పంచాయతీ పన్నునకు, ఏటేట సున్నమునకు పోవలెను. మిగిలినదే నిజమైన ఆదాయము. అప్పు తెచ్చినవానికి వేరొక చిక్కు కూడ కలదు. బ్యాంకు వాయిదా నెలనెల వచ్చును. యాత్రికుడు నెలనెల రాడు. మూలా నక్షత్రమునాడు గల్లా నిండును. ఆ తరువాతి నెల వాయిదాకు ఆ గల్లాయే ఆధారము. పండుగ సొమ్మును పండుగనాడే తినివేసినవాని ఇల్లు వేలమునకు వచ్చును. కావున ఖాళీ నెలల వాయిదాలకు చాలినంత సొమ్ము పక్కకు పెట్టిన పిమ్మటనే గది తలుపు తెరువవలెను.

ఇదే స్థలమున రెండు గదుల ఇల్లు కట్టి ఒక ఉపాధ్యాయునకో, ప్రాంగణపు ఉద్యోగికో నెలకు ఇచ్చినచో రాబడి తక్కువగ కనిపించును గాని, పండ్రెండు నెలలు వచ్చును. ఊడ్పు, ఉతుకు భారము యజమానిపై నుండదు. చేతిలో కొద్ది సొమ్ము, చేయుటకు ఇంటిలో మనుషులు లేని గృహస్థునకు మొదటి ఇల్లు నెలకిరాయికి ఇచ్చుట క్షేమము. పగలు రాత్రి వాకిట నిలువగల కుటుంబమునకు దినకిరాయి గదులు తగును. రెండును కొంచెము కొంచెముగ నుండుట మరింత మేలు.

నెలకిరాయి అనగానే చట్టము వచ్చును. ఈ చట్టము కథ వినదగినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పట్టణములలో ఇండ్లకు కరువు వచ్చెను. హైదరాబాదు సంస్థానమున 1353 ఫసలీలో, అనగా 1943-44లో, ఇంటి కిరాయిల నియంత్రణకు ఉత్తరువు వెలువడెను. దాని స్థానమున 1954లో హైదరాబాదు ఇండ్ల కిరాయి నియంత్రణ చట్టము వచ్చెను. 1956లో రాష్ట్రమేర్పడి కర్నూలునుండి కచేరీలు హైదరాబాదునకు తరలివచ్చిన పిదప ఆంధ్రమునకు ఒకటి, తెలంగాణమునకు ఒకటిగానున్న చట్టములను కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ భవనముల నియంత్రణ చట్టమును చేసిరి. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణమును దానినే స్వీకరించెను.

ఆ చట్టము కిరాయిదారుని రక్షించుటకు పుట్టినది. న్యాయమైన కిరాయిని నిర్ణయించుటకు అధికారి యుండును. పగిడి పుచ్చుకొనరాదు. ఇల్లు ఖాళీ చేయించుటకు చట్టము చెప్పిన కారణములలో ఒకటైనను ఉండవలెను: కిరాయి ఎగవేత, యజమాని అనుమతి లేక ఇతరులకిచ్చుట, ఇంటిని పాడుచేయుట, యజమానికి నిజముగ ఇల్లు అవసరమగుట వంటివి. నీళ్లు, కరెంటు ఆపివేసి కిరాయిదారుని సాగనంపుట యజమానికి తగదని కూడ ఆ చట్టమే చెప్పెను.

కాని రక్షణ మితిమీరినచో క్రొత్త ఇండ్లు కట్టువారుండరని నాటి ప్రభుత్వము భయపడెను. అందుచేత 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన భవనములకు చట్టము వర్తింపదని మినహాయింపు నిచ్చెను. ఏండ్లు గడచెను. ఇరువదియైదేండ్ల వయసు వచ్చిన కట్టడము సైతము చట్టము దృష్టిలో క్రొత్తదిగనే నిలిచెను. 1983 అక్టోబరులో సుప్రీంకోర్టు మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో ఆ మినహాయింపును కొట్టివేసెను. మొదట సమంజసమైన భేదము కాలము గడచినకొలది అసమంజసము కావచ్చునని న్యాయమూర్తులు తీర్మానించిరి. ఆ డిసెంబరులోనే ప్రభుత్వము పదియేండ్లలోపు భవనములకును, నెలకు వేయి రూపాయలు మించిన కిరాయి గలవానికిని మినహాయింపు నిచ్చు ఉత్తరువు తెచ్చెను. 2005 సవరణతో కార్పొరేషన్లలో 3,500 రూపాయలు, ఇతర ప్రాంతములలో 2,000 రూపాయలు మించిన కిరాయి ఇండ్లు ఆ చట్టము వెలుపలికి పోయెను. ఒక్క జీవితకాలములో ఇన్నిమారులు మారిన నియమమిది. నేటి చట్టమును చూచి ముప్పదియేండ్ల లెక్క వేయువాడు ఈ చరిత్రను జ్ఞాపకముంచుకొనవలెను.

ఆ చట్టము హైదరాబాదు, సికిందరాబాదులకును, పురపాలక సంఘములకును వర్తించునట్లు చేయబడినది. ప్రభుత్వము ప్రత్యేకముగ విస్తరింపనిచో గ్రామపంచాయతీలలోని ఇండ్లు దాని పరిధిలోనివి కావు. అట్టిచోట్ల 1882నాటి ఆస్తి బదిలీ చట్టమే ఆధారము. నెలకిరాయి ఇంటిని ఖాళీ చేయించుటకు పదునైదు దినముల నోటీసు చాలునని దాని 106వ సెక్షను. పూర్వము నోటీసు గడువు నెలాఖరుతో సరిగా ముగియనిచో కేసు కొట్టుబడుచుండెను; 2002 సవరణ ఆ చిక్కును చాలవరకు తొలగించెను. ఏడాదికి మించిన కౌలునకు రిజిస్టరు చేసిన పత్రము తప్పనిసరి అని 107వ సెక్షను. ఊరూర పదునొకండు నెలల ఒప్పందములు వ్రాసికొనుటకు మూలమిదియే. పదునొకండు నెలలు అను మాటలో మహత్తు లేదు. అది ఏడాదికి ఒక నెల తక్కువ, అంతమాత్రమే.

దినకిరాయి గది ఇంకొక తీరు. యాత్రికునకు మనము ఇచ్చునది గదిపై హక్కా, ఉండుటకు అనుమతి మాత్రమా? ఈ భేదమును సుప్రీంకోర్టులో 1959లో విడమరచి చెప్పినవారు మన తెలుగువారు, జస్టిస్ కోకా సుబ్బారావుగారు. హోటలు ఆవరణలోని గదులను గూర్చిన వివాదమది. పత్రముపై ఏ పేరు వ్రాసినారని గాక, ఇరువురి ఉద్దేశమేమని చూడవలెనని వారు సూత్రీకరించిరి. ఆస్తిలో హక్కు కల్పించినచో అది కౌలు; స్వాధీనము యజమానికడనే యుండగా వాడుకొనుటకు మాత్రమే ఇచ్చినచో అది అనుమతి. దీనినిబట్టి దినకిరాయి గది ఇచ్చువాడు పద్దు పుస్తకమును, రసీదును, వచ్చిన వేళ పోవు వేళలను సక్రమముగ వ్రాయవలెను. "మనవాడే కదా" అని ఆరు నెలలు ఉండనిచ్చి, కాగితము లేక తరువాత కోర్టుకు పోయిన యజమానుల కథలు ఏ ఊరనైనను వినవచ్చును.

స్థలము కొనువాడు కొన్ని సంగతులు విచారింపవలెను. బాసర ప్రాంతము 1956వరకు నాందేడు జిల్లాలోనిదని ముందే చెప్పితిని. పాత పత్రములు ఉర్దూలోనో, మరాఠీలోనో యుండవచ్చును. అర్థముగాని పత్రమును నమ్మకముమీద పుచ్చుకొనరాదు, తెలిసినవారిచేత చదివించుకొనవలెను. ఊరి నడుమ ఆబాదీ స్థలములకు పొలములవలె సర్వే నంబరు వివరము దొరకదు. పంచాయతీ పన్ను రసీదు చూపి "ఇదే పట్టా" అందురు. పన్ను రసీదు పన్ను కట్టినందుకు సాక్ష్యమే గాని, హక్కునకు సాక్ష్యము కాదు. ఇక క్షేత్రములలో దేవుని మాన్యములుండును. 1987నాటి దేవాదాయ చట్టము ననుసరించి అధికారుల అనుమతి లేక వానిని అమ్మినచో ఆ అమ్మకము చెల్లదు. కొన్నవాని సొమ్ము గోదావరి పాలగును. పొలములో గదులు వేయుటకు ముందు, 2006 చట్టము ప్రకారము ఆ భూమిని వ్యవసాయేతరముగ మార్పించుకొనవలెను. దిగువన శ్రీరామసాగరము నిండినపుడు నీరు వెనుకకు పేరుకొనును గనుక, నదిగట్టు పల్లములను కొనువాడు ఎండకాలమున చూచి మురియక వానకాలమునను ఒకసారి చూడవలెను.

పన్ను విషయము క్లుప్తముగ. నెలకిరాయి ఇంటి ఆదాయములో కట్టిన ఇంటి పన్ను పోగా మిగిలినదానిలో నూటికి ముప్పది వంతులు మరమ్మతుల క్రింద ఆదాయపు పన్ను చట్టము తగ్గించును, ఖర్చు చేసినను చేయకున్నను. లాడ్జి నడుపుట వ్యాపారము గనుక అక్కడ నిజమైన ఖర్చునకే లెక్క. దినమునకు వేయి రూపాయలలోపు గదులకు జీఎస్టీలో నుండిన మినహాయింపు 2022 జూలై 18న పోయినది. ఏడాదికి ఇరువది లక్షలు మించని చిన్నవారికి సాధారణముగ ఆ నమోదు అక్కరలేదు; పెరుగదలచినవాడు ఆ గీటు ఎక్కడ దాటునో ముందే చూచుకొనవలెను.

పెరుగుట అనగా గదుల సంఖ్య పెరుగుట కాదు. మొదటి ఇల్లు రెండు పూర్తి ఏండ్లు నడచి, ఖాళీ నెలలను తానే భరించి, మరమ్మతులకు తానే సొమ్ము పుట్టించినపుడు రెండవ ఇంటిని తలపవచ్చును. మొదటి ఇంటిని కుదువబెట్టి రెండవది, రెండవదానిని కుదువబెట్టి మూడవది కట్టినవాడు, ఒక్క చెడ్డ సంవత్సరము వచ్చినచో మూడింటిని కలిపి పోగొట్టుకొనును. అందులో అతడు పుట్టిన ఇల్లు కూడ ఉండవచ్చును.

కడపట ఒక మాట. మల్కాపుర సత్రమున కులము అడుగక అన్నము పెట్టవలెనని 1261లోనే వ్రాసిరి. ఏడు వందల ఏండ్లు కావచ్చిన పిదప, 1955లో పౌరహక్కుల రక్షణ చట్టము ధర్మశాల, సరాయి, ముసాఫిర్‌ఖానాలలో అంటరానితనము పాటించుట నేరమని చెప్పవలసి వచ్చెను. నేటికిని ఇల్లు అడుగవచ్చినవానిని "మీరెవరు?" అని మొదట అడిగి, తరువాత "ఖాళీ లేదు" అనువారు మనలో కలరు. అది నేరము, దానితోపాటు తెలివితక్కువ. సక్రమముగ కిరాయి ఇచ్చి, ఇంటిని శుభ్రముగ నుంచుకొను మనిషిని కులము పేర వెళ్లగొట్టిన యజమాని గది ఖాళీగనే పడియుండును.

బాసరకు వచ్చు బిడ్డ అక్కడ నేర్చునది ఒక్క అక్షరమే. మిగిలినవి జీవితకాలమున నేర్చును. కిరాయి గదులు వేయు గృహస్థు కూడ మొదట దిద్దవలసిన అక్షరమొకటి కలదు: వీధిలోని జనమును గాక, గదిలో నిద్రించు రాత్రులను లెక్కించుట. అది కుదిరినచో మిగిలిన లెక్క తానే కుదురును. అది తప్పినచో ఎంత ఎత్తు మేడ కట్టినను, దాని కిటికీలలో దీపము వెలుగదు.